పాత బ్రౌజర్లు ఎటు పోతున్నాయి: మా మాక్ టెస్ట్ సైట్ లాగుల డైరీ

1వ రోజు, శనివారం రాత్రి

"అబ్బాయ్, పిల్లలు రెండు గంటలు కూర్చుని టెస్టంతా రాసి సబ్మిట్ కొడితే పేజీ తెల్లగా వస్తోంది, మార్కులూ లేవు ర్యాంకూ లేదు, ఏం మార్చావ్?"

తెనాలిలో నెట్ సెంటర్ నడిపే బాబాయ్ ఫోన్ ఇది. డీఎస్సీ, గ్రూప్స్ రాసేవాళ్ళ కోసం నేను నడుపుతున్న చిన్న మాక్ టెస్ట్ సైట్‌కి ఆయన సెంటర్ నుంచి రోజూ పిల్లలు వస్తారు. నా లాప్‌టాప్‌లో చూస్తే బ్రహ్మాండంగా ఉంది, నా ఫోన్‌లోనూ ఉంది. బ్రౌజర్ వెర్షన్ ఎంతో చూసి చెప్పమన్నా, క్రోమ్ 109 అన్నాడు. అప్పుడు వెలిగింది. మొన్న ర్యాంకుల లిస్టు తిరగరాసినప్పుడు 'టూసార్టెడ్' అనే ఫంక్షన్ వాడా, అసలు లిస్టుని కదపకుండా వరసలో పెట్టిన కాపీ ఇస్తుంది కాబట్టి నాకు బాగా నచ్చింది, కానీ అది క్రోమ్‌లోకి వచ్చింది 110 లో. ఒక్క నంబర్ తేడా. బాబాయ్ దగ్గర ఉన్నవి విండోస్ 7 సిస్టమ్స్, వాటికి క్రోమ్ 109 తోనే ఆగిపోయింది, 2023 మొదట్లో వచ్చిన 110 నుంచి విండోస్ 10 ఉండాల్సిందే.

సరిచేయడానికి ఐదు నిమిషాలు పట్టింది, లిస్టుని కాపీ చేసి పాత సార్ట్ వాడితే చాలు. కానీ రెండు గంటలు కష్టపడి రాసిన పిల్లలకి తెల్ల పేజీ చూపించాననే బాధ పోవట్లేదు. అందుకే ఈ డైరీ మొదలుపెడుతున్నా. పాత బ్రౌజర్ల కోసం పెట్టిన కోడ్ తీసేద్దామని ఆరు నెలల నుంచి అనుకుంటున్నా, "ఇంకెవరు వాడతార్లే" అనే ధైర్యంతో. ఆ ధైర్యం ఎంతవరకు నిజమో ముందు లెక్క తేలాలి.

2వ రోజు

సర్వర్ లాగులు, అంటే సైట్‌కి ఎవరు ఎప్పుడు వచ్చారో సర్వర్ రాసుకునే రికార్డులు, 2022 నుంచి నెలవారీగా జిప్ చేసి పెట్టుకున్నా, ఇవాళ పనికొచ్చాయి. ప్రతి రిక్వెస్ట్‌తో పాటు బ్రౌజర్ తన పేరు చెప్పుకునే లైన్ ఒకటి ఉంటుంది కదా, యూజర్ ఏజెంట్ అంటాం, దాన్ని ఆక్ అనే టూల్‌తో విడదీసి సార్ట్ చేసి లెక్కపెట్టా.

మొదటి లిస్టు చూసి భయం వేసింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 ఉంది, 7 ఉంది, విండోస్ 98 అని చెప్పుకునేది కూడా ఉంది. డీఎస్సీకి చదివే పిల్ల విండోస్ 98 మీద కూర్చుని మాక్ టెస్ట్ రాస్తోందా అని ఒక్కో ఐపీ వెంటపడి చూశా. అవన్నీ బాట్లు, మనిషి లేకుండా వాటంతట అవే సైట్లు తిరిగే ప్రోగ్రాములు. పేజీ హెచ్‌టీఎంఎల్ ఒక్కటే లాక్కుని పోతాయి, దాని వెనకాల పేజీ రూపురేఖలు చెప్పే స్టైల్ షీట్, అదే సీఎస్ఎస్, అడగవు, తెలుగు ఫాంట్ ఫైల్ అడగవు, లోగో అడగవు. మనిషి ముందు కూర్చున్న బ్రౌజర్ ఇవన్నీ అడగాల్సిందే, పోనీ కనీసం మొదటిసారి వచ్చినప్పుడైనా.

కాబట్టి ఫిల్టర్ ఇదీ: పేజీతో పాటు స్టైల్ షీటూ, ఫాంటూ రెండూ అడిగినవాళ్ళనే మనుషులుగా లెక్కేయడం. దీంతో ఎక్స్‌ప్లోరర్ 6 మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. లాగుల మీద ఆధారపడి నిర్ణయాలు తీసుకునేవాళ్ళు ఎవరైనా సరే ముందు ఈ పని చేయండి, లేదంటే లేని మనుషుల కోసం కోడ్ రాస్తూ కూర్చుంటారు.

ఇంకో చిక్కు కూడా తగిలింది. ఇప్పటి క్రోమ్ ఫోన్ మోడల్ చెప్పదు, అసలు ఆండ్రాయిడ్ వెర్షన్ కూడా చెప్పదు, అన్ని ఫోన్లూ "ఆండ్రాయిడ్ 10, కె" అనే అంటాయి. జనాల్ని వెంటాడి గుర్తుపట్టే వీలు తగ్గాలని 2023 కల్లా అలా చేశారు, మంచి పనే. విండోస్ కూడా అంతే, 10 ఓ 11 ఓ ఆ లైన్లో తేలదు. మిగిలిన ఆధారం క్రోమ్ మెయిన్ నంబర్ ఒక్కటే.

4వ రోజు

ఆ నంబర్ ఒక్కటే చాలని ఇవాళ తెలిసింది.

వెర్షన్ నంబర్లు ఒక పక్క, ఎంతమంది వాడుతున్నారనేది ఇంకో పక్క పెట్టి గ్రాఫ్ గీశా. నేను ఊహించింది కొండవాలు లాంటిది, కొత్త వెర్షన్ దగ్గర ఎక్కువ, పాతబడే కొద్దీ మెల్లగా జారుతూ. వచ్చింది అది కాదు. కొత్త వెర్షన్ రెండు మూడింటి దగ్గర పెద్ద కొండ, దాని కింద దాదాపు ఏమీ లేని చదును నేల, ఆ నేల మీద అక్కడక్కడా విడివిడిగా గుట్టలు. 138 దగ్గర ఒక గుట్ట, 119 దగ్గర చిన్నది, 109 దగ్గర ఒకటి. పాత బ్యాకప్‌లు తెరిస్తే ఇంకా ఉన్నాయి, 106 దగ్గర, 95 దగ్గర, 81 దగ్గర, 49 దగ్గర నలుసంత.

ఈ నంబర్లు ఏంటో వెతికితే అన్నీ దొరికాయి. 138 అంటే ఆండ్రాయిడ్ 8, 9 లకి వచ్చిన చివరి క్రోమ్, 119 ఆండ్రాయిడ్ 7 కి, 106 ఆండ్రాయిడ్ 6 కి, 95 ఆండ్రాయిడ్ 5 లాలీపాప్‌కి, 81 ఆండ్రాయిడ్ 4.4 కిట్‌క్యాట్‌కి. 109 బాబాయ్ గారి విండోస్ 7. 49 అయితే విండోస్ ఎక్స్‌పీ, విస్టాలకి, 2016 నాటిది. ప్రతి గుట్ట కిందా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది.

మరి మధ్యలో చదునుగా ఎందుకుంది? క్రోమ్ 2008 లో వచ్చినప్పటి నుంచీ ఎవర్నీ అడక్కుండా తనంతట తనే అప్‌డేట్ అవుతుంది, 2021 లో వచ్చిన 94 నుంచి నాలుగు వారాలకో వెర్షన్. 127 వాడేవాడు ఎవరూ ఉండడు, ఎందుకంటే ఆ మిషన్‌కి 128 ఎక్కగలిగితే అది ఎక్కేసి ఉంటుంది, 129 కూడా ఎక్కేసి ఉంటుంది. మిషన్ ఒప్పుకున్నంత దూరం వెళ్ళి అక్కడ ఆగుతుంది. కాబట్టి పాత బ్రౌజర్ వాడేవాళ్ళు బద్ధకస్తులనీ, అప్‌డేట్ నొక్కరనీ అనుకోవడం పొరపాటు, వాళ్ళు నొక్కడానికి అక్కడ బటనే లేదు. గుట్ట తగ్గాలంటే ఆ మిషన్ మూలన పడాలి, వేరే దారి లేదు.

నిన్నటిదాకా "పాత బ్రౌజర్లు ఎప్పుడు పోతాయి" అని అడుగుతున్నా, అడగాల్సింది "పాత ఫోన్లు, పాత సిస్టమ్స్ ఎన్నాళ్ళు పనిచేస్తాయి" అని.

పాత లాగుల్లో జియోఫోన్ కూడా కనబడింది. కీప్యాడ్ ఫోన్, కైఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, అందులో ఫైర్‌ఫాక్స్ 48 నాటి ఇంజిన్. ఫోన్ వచ్చింది 2017 లో. అంటే చేతిలోకి వచ్చే రోజుకే బ్రౌజర్‌కి ఏడాది వయసు, ఆ తర్వాత కూడా అదే ఇంజిన్. ఆ ఫోన్‌లో ఒకళ్ళు కరెంట్ అఫైర్స్ బిట్లు వరసగా పదకొండు రోజులు చదివారు, లాగ్‌లో ఆ లైన్లు చూస్తుంటే వాళ్ళకి పోస్టు వచ్చి ఉంటే బాగుండనిపించింది.

5వ రోజు

ఇవాళ కోడ్ ముట్టుకోలేదు, పాత కథ రాసుకుంటున్నా, ఎందుకంటే ఈ గుట్టల ముందు కాలం వేరేగా ఉండేది.

ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది 2001 లో, ఎక్స్‌పీతో పాటు. 7 వచ్చింది 2006 అక్టోబర్లో. ఐదేళ్ళు మధ్యలో ఏమీ లేదు, పోటీ చచ్చిపోయింది, లోకంలో తొంభై శాతం పైన జనం ఎక్స్‌ప్లోరరే. ఆఫీసుల సాఫ్ట్‌వేర్లన్నీ యాక్టివ్ఎక్స్ అనే దాని సొంత టెక్నాలజీ మీద కట్టేశారు. మన దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది, అప్పట్లో అసెంబుల్డ్ సిస్టమ్ కొంటే షాపతను ఏదో ఒక సీడీ పెట్టి ఎక్స్‌పీ వేసిచ్చేవాడు, ఒరిజినల్ ఎవరికుంది? ఎక్స్‌ప్లోరర్ 7 ఎక్కించాలంటే మైక్రోసాఫ్ట్ ముందు విండోస్ అసలుదో కాదో చూసేది, కాకపోతే ఎక్కనిచ్చేది కాదు, ఆ తనిఖీ తీసేసింది 2007 అక్టోబర్లో. అప్పటికే జనం "అప్‌డేట్ కొడితే సిస్టమ్ పోద్ది" అని ఆటోమేటిక్ అప్‌డేట్స్ ఆపేసి పెట్టుకున్నారు. మా హాస్టల్లో అన్ని సిస్టమ్స్‌లోనూ ఆపే ఉండేది, నేనూ ఆపినవాణ్ణే.

ఎక్స్‌ప్లోరర్ 6 వాడకం తగ్గడానికి బయటి తోపులు కావాల్సి వచ్చింది. 2009 జులైలో యూట్యూబ్‌లో కొంతమంది ఇంజనీర్లు పైవాళ్ళ అనుమతి లేకుండానే "మీ బ్రౌజర్‌కి త్వరలో సపోర్ట్ ఆపేస్తాం" అనే బ్యానర్ పెట్టారు, నెల తిరిగేసరికి యూట్యూబ్‌కి ఎక్స్‌ప్లోరర్ 6 తో వచ్చేవాళ్ళు సగం అయ్యారని వాళ్ళలో ఒకరైన క్రిస్ జకరయాస్ తర్వాత 2019 లో చెప్పాడు. 2010 మార్చిలో గూగుల్ డాక్స్ కూడా ఎక్స్‌ప్లోరర్ 6 కి సపోర్ట్ ఆపేసింది. 2011 మార్చిలో మైక్రోసాఫ్టే తన బ్రౌజర్ పోవాలని కౌంట్‌డౌన్ సైట్ పెట్టింది. 2014 ఏప్రిల్ 8 న ఎక్స్‌పీకి సపోర్ట్ ముగిసింది. ఎక్స్‌ప్లోరర్ 11 దాకా ఇదే తంతు, 2022 జూన్ 15 న రిటైర్ అన్నారు, 2023 ఫిబ్రవరి 14 న మైక్రోసాఫ్ట్ కొత్త బ్రౌజర్ ఎడ్జ్ అప్‌డేట్‌తో విండోస్ 10 లో దాన్ని పూర్తిగా ఆపేశారు.

మన దేశంలో ఇంకో రకం పోవడం కూడా చూశాం. యూసీ బ్రౌజర్. తక్కువ డేటా తింటుందని చవక ఫోన్లలో అదే ఉండేది. 2020 జూన్ 29 న కేంద్రం 59 యాప్‌లు నిషేధించినప్పుడు అందులో అదీ ఉంది. దానికి వయసు అయిపోయి కాదు, ఒక్క ఉత్తర్వుతో.

8వ రోజు

గుంటూరు నుంచి పొద్దున బండెక్కి తెనాలి వెళ్ళొచ్చా. చూడకుండా రాస్తే ఇదంతా ఊహే అవుతుంది.

బాబాయ్ సెంటర్లో నాలుగు సిస్టమ్స్. మూడు విండోస్ 7, రెండేసి జీబీ ర్యామ్. "పదికి మార్చొచ్చుగా బాబాయ్" అన్నా. ఆయన కోప్పడలేదు, లాక్కెళ్ళి చూపించాడు. ఒకదానికి వేలిముద్రల మిషన్ తగిలించి ఉంది, దాని డ్రైవర్ సీడీ 32 బిట్ సెవెన్‌కే ఉంది. ఇంకోదానికి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. మూడోది విండోస్ 10 వేసి చూశాడట, హార్డ్ డిస్క్ లైట్ ఆరకుండా వెలిగి పిల్లలు బయటికెళ్ళిపోతుంటే మళ్ళీ సెవెన్ వేయించాడు. "నాకు బ్రౌజర్ కాదురా ముఖ్యం, ఆ వేలిముద్ర పడాలి, ఈ ప్రింటు రావాలి. అవి నడిచినన్నాళ్ళు దీన్ని కదపను."

నాలుగోది ఎక్స్‌పీ. పేజ్‌మేకర్, యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్లు, పెళ్ళి కార్డులూ ఫ్లెక్సీలూ దాని మీదే. ఇరవై ఏళ్ళ నాటి మ్యాటర్ ఫైళ్ళన్నీ అనూలో ఉన్నాయి, యూనికోడ్‌లోకి మార్చాలంటే ఒత్తులు చెదిరిపోతాయి, ఎవరు కూర్చుంటారు. రద్దీగా ఉన్నప్పుడు దాని మీద కూడా పిల్లల్ని కూర్చోబెడతాడు.

దాని మీద మా సైట్ తెరవమన్నా. సర్టిఫికెట్, అంటే ఈ సైట్ అసలుదేనని బ్రౌజర్‌కి చూపించే గుర్తింపు, తప్పు అని ఎర్ర పేజీ. కింద గడియారం చూస్తే 2009 జనవరి 1. మదర్‌బోర్డు మీద బ్యాటరీ అయిపోయింది, కరెంటు పోయొచ్చినప్పుడల్లా తేదీ వెనక్కిపోతుంది, ఆ తేదీకి మా సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. పక్క వాచీల షాపులో గుండ్రం సెల్ కొనుక్కొచ్చి, మూత తీసి, దుమ్ము ఊది వేశా. తేదీ నిలబడింది. క్రోమ్ 49 లో అయినా సైట్ తెరుచుకోలేదు, సర్టిఫికెట్లిచ్చే సంస్థల్లో ఎవర్ని నమ్మాలో ఎక్స్‌పీ దగ్గరున్న పాత జాబితా మీద అది ఆధారపడుతుంది, అందులో మా సర్టిఫికెట్ రూట్, అంటే దాన్నిచ్చిన సంస్థ మూల సంతకం, లేదు. ఫైర్‌ఫాక్స్ 52 వేశా, ఎక్స్‌పీకి వచ్చిన చివరిది, దానికి తన సొంత జాబితా ఉంటుంది. తెరుచుకుంది. సబ్మిట్ కొట్టి మార్కులు చూసేదాకా కదల్లేదు. ఇందులో బ్యాంకు సైట్లు మాత్రం ఎవర్నీ తెరవనివ్వద్దని బాబాయ్‌కి గట్టిగా చెప్పా, సెక్యూరిటీ అప్‌డేట్లు రాని మిషన్ అది.

విండోస్ 7 వాటిలో ఫైర్‌ఫాక్స్ 115 కూడా వేసొచ్చా. ఆ టూసార్టెడ్ అందులో ఉంది, అదే మిషన్ మీద క్రోమ్‌లో లేనిది.

11వ రోజు

ఇవాళ్టిది బాగా కుదిపింది.

2023 లాగుల్లో 106, 95, 81 గుట్టలు ఉన్నాయి అన్నా కదా, ఇప్పటి లాగుల్లో లేవు. ఎప్పుడు పోయాయా అని నెలలు వరసగా పెట్టి చూస్తే మెల్లగా అరగలేదు, 2024 సెప్టెంబర్ దాకా ఉన్నాయి, అక్టోబర్లో లేవు. గోడ కట్టినట్టు. ఫోన్లన్నీ ఒకే నెలలో పాడవుతాయా?

తేదీ చూడగానే గుర్తొచ్చింది. మా సైట్‌కి ఉన్నది లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే ఉచిత సర్టిఫికెట్. వాళ్ళ సొంత రూట్‌ని ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ఫోన్లు గుర్తుపట్టవు, అందుకని ఇంకో పాత రూట్ సంతకంతో నెట్టుకొచ్చారు, ఆ సంతకం గడువు 2024 సెప్టెంబర్ 30 న అయిపోయింది. వాళ్ళు చాలా ముందునుంచే చెప్పారు, నేనే పట్టించుకోలేదు.

బీరువాలో అమ్మ పాత ఫోన్ ఉంది, ఆండ్రాయిడ్ 6. ఛార్జింగ్ పెట్టి మా సైట్ కొట్టా. "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు." పక్కన లాప్‌టాప్‌లో లాగ్ నడుస్తోంది, ఆ ఫోన్ తాలూకు లైను అందులో పడలేదు. మళ్ళీ కొట్టా, మళ్ళీ లేదు. ఎందుకంటే తాళం దగ్గరే ఆగిపోయిన మనిషి రిక్వెస్ట్ దాకా రానే రాలేదు, లాగ్‌లో రాసేది లోపలికొచ్చినవాళ్ళ పేర్లే. తాళం లేని మామూలు హెచ్‌టీటీపీ రిక్వెస్టులు వచ్చే 80 పోర్టు లాగ్‌ని ఎప్పుడూ చూసేవాణ్ణి కాదు, అది తెరిస్తే అక్కడ జాడలున్నాయి: క్రోమ్ 106 వచ్చి అడగడం, మేం 301 తో, అంటే "అటు వెళ్ళు" అనే జవాబుతో, తాళం ఉన్న హెచ్‌టీటీపీఎస్ వైపు పంపడం, ఆ తర్వాత ఏమీ లేదు. అలాంటివి నెలల తరబడి. గూగుల్లో లింకు నొక్కి నేరుగా వచ్చినవాళ్ళకైతే ఆ జాడ కూడా ఉండదు.

పాత బ్రౌజర్ల వాడకం తగ్గిందని నేను సంతోషపడ్డ గ్రాఫ్‌లో కొంత భాగం, నేను తలుపేసి వాళ్ళు రావట్లేదని రాసుకున్న లెక్క. "చూడండి ఎవరూ వాడట్లేదు, సపోర్ట్ తీసేద్దాం" అని ఎన్ని చోట్ల ఇలాంటి గ్రాఫ్ చూపించి ఉంటారో. తలుపు వేసినవాడికి బయట ఎంతమంది నిలబడ్డారో కనబడదు.

13వ రోజు

పాత ఫోన్లు కూడా నమ్మే రూట్ ఉన్న ఇంకో సంస్థ సర్టిఫికెట్‌కి మారా, అదీ ఉచితమే. అమ్మ ఫోన్‌లో తెరుచుకుంది. పేజీ రావడానికి తొమ్మిది సెకన్లు పట్టింది కానీ వచ్చింది. అమ్మ వచ్చి చూసి "ఈ ఫోన్ ఇంకా పనిచేస్తోందా, మీ పిన్నికిద్దాం" అంది.

21వ రోజు

106 గుట్ట మళ్ళీ లేచింది! చిన్నదే, 95 కూడా కొంచెం. 81 మాత్రం రాలేదు, 80 పోర్టులో కూడా దాని జాడ లేదు, అంటే కిట్‌క్యాట్ ఫోన్లు నిజంగానే మూలన పడ్డట్టున్నాయి. జియో వచ్చింది 2016 సెప్టెంబర్లో, ఆ తర్వాత రెండు మూడేళ్ళలో మన దగ్గర జనం మూకుమ్మడిగా 4జీ ఫోన్లు కొన్నారు, కిట్‌క్యాట్ ఫోన్లు చాలావరకు అప్పుడే చేతుల్లోంచి జారాయని నా అంచనా. ఆండ్రాయిడ్ 8, 9 ఫోన్లు ఇప్పుడు తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ, అమ్మలకీ దిగుతున్నాయి, 138 గుట్ట అదే. ఇంట్లో ఫోన్ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ ఉంటే ఆ గుట్ట ఏళ్ళకేళ్ళు ఉంటుంది.

22వ రోజు

నిర్ణయాలు. హంగులున్న పూర్తి సైట్ క్రోమ్ 109, ఫైర్‌ఫాక్స్ 115 నుంచి నడవాలి, ఇదే కనీస హద్దు. కొత్తగా ఏ ఫంక్షన్ వాడినా అది 109 లో ఉందో లేదో బిల్డ్ అప్పుడే, అంటే సైట్ కోడ్ సర్వర్‌కి ఎక్కించడానికి తయారయ్యేటప్పుడే, చెక్ అయ్యేలా పెట్టా, లేకపోతే బిల్డ్ ఆగిపోతుంది, సీఎస్ఎస్ నెస్టింగ్ లాంటివి కూడా, అది 112 లో వచ్చింది. దానికన్నా పాతవాళ్ళకి పాలీఫిల్స్, అంటే పాత బ్రౌజర్లలో లేని ఫంక్షన్లని పూరించే కోడ్, మోసే ఆ పెద్ద కట్ట తీసేశా. దాని బదులు ప్రశ్నా పత్రం మామూలు హెచ్‌టీఎంఎల్ ఫారంగా వెళ్తుంది, జావాస్క్రిప్ట్ అసలు లేకపోయినా రేడియో బటన్లు నొక్కి సబ్మిట్ కొడితే సర్వర్ మార్కులు లెక్కేసి పంపుతుంది. టైమర్ కదలదు, ర్యాంక్ గ్రాఫ్ రాదు, కానీ తెల్ల పేజీ ఎవరికీ రాదు. ఆ ఎక్స్‌పీ మీదా ఇదే నడుస్తుంది. ఈ ఒక్క మార్పుకి నాలుగు సాయంత్రాలు పట్టింది, చేసినందుకు చాలా తృప్తిగా ఉంది.

ఇంకోటి, నెలకోసారి 80 పోర్టు లాగ్ చూడటం క్యాలెండర్లో పెట్టుకున్నా.

43వ రోజు

బాబాయ్ ఫోన్. మొన్న రాత్రి కరెంటు హై వోల్టేజ్ వచ్చి విండోస్ 7 సిస్టమ్స్ రెండింటికి ఎస్ఎంపీఎస్‌లు, అదే కరెంటు సప్లై డబ్బాలు, కాలిపోయాయట, ఒకదానికి మదర్‌బోర్డు కూడా. వేలిముద్రల మిషన్ ఉన్నది బతికింది. మిగతా రెండిటి బదులు విజయవాడలో సెకండ్ హ్యాండ్ కంపెనీ సిస్టమ్స్ తెచ్చాడు, ఐ5 నాలుగో తరం, విండోస్ 10 వేసి ఇచ్చారు. బ్రౌజర్ గురించి ఆయన ఏమీ అడగలేదు, వాళ్ళూ ఏమీ చెప్పలేదు.

ఇవాళ పొద్దున లాగ్ తెరిస్తే తెనాలి నుంచి 109 ఒకటే వచ్చింది, మిగతావి సరికొత్త క్రోమ్. నాలుగో తరం ప్రాసెసర్‌ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు, ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10 కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14 తోనే అయిపోయింది. క్రోమ్ ఆ విండోస్ 10 ని ఏ నంబర్ దగ్గర వదిలేస్తే తెనాలి గుట్ట అక్కడ లేస్తుంది. నోట్స్‌లో ఆ నంబర్ కోసం ఖాళీ వదిలిపెట్టా.